పొన్నంకి పిట్ట కోసం లెన్సులు సర్దుకుంటున్న మిత్రులకు

బర్డ్ ఫొటోగ్రఫీ చేసే అన్నలకీ అక్కలకీ తమ్ముళ్లకీ, ముఖ్యంగా మన గ్రూపుల అడ్మిన్లకీ నమస్తే.

నేను కూడా మీలో ఒకణ్ణే, బయటి నుంచి వచ్చి నీతులు చెప్పే మనిషిని కాను. నా దగ్గరా పెద్ద లెన్సు ఉంది, ఆకుల డిజైను ప్యాంటు ఉంది, ఆదివారం తెల్లారుజామున మూడున్నరకి లేచి ఇంట్లో ఎవరికీ మెలకువ రాకుండా ఫ్లాస్కులో టీ పోసుకునే విద్య కూడా వచ్చు. కాబట్టి ఇది కోపంతో రాస్తున్నది కాదు. సరే, కొంచెం కోపం ఉంది. మొన్న ఆదివారం చూసింది చూశాక ఎవరికి చెప్పాలో తెలీక, ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెడితే బాగుండదని, ఇలా అందరికీ కలిపి రాస్తున్నా.

ఎక్కడ అనేది రాయను. హైదరాబాద్ నుంచి గంటన్నర, టేకూ తునికీ నల్లమద్దీ కలిసిన అడవి, మధ్యలో ఒక వాగు. వెళ్లేవాళ్లకి తెలుసు, తెలియని వాళ్లకి నా వల్ల తెలియాల్సిన పని లేదు.

నేను వెళ్లేసరికి ఆరు కూడా కాలేదు, రోడ్డు పక్కన అప్పటికే ఏడు కార్లు. రాత్రంతా వాన పడింది, కాలు పెడితే నేల మెత్తగా దిగుతోంది, చెట్ల మీంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి, పైన మబ్బు, అంటే పొన్నంకికి, అదే మనవాళ్లు ఇండియన్ పిట్టా అని రాసే పిట్టకి, పండగ లాంటి రోజు అన్నమాట, మామూలుగా పొద్దునా సాయంత్రం మాత్రమే కూసే పిట్ట మబ్బు పట్టిందంటే పగలు కూడా ఆగదు. దూరం నుంచి వినబడింది ఆ ఈల, రెండు ముక్కలు, మొదటిది పైకి లేస్తుంది, రెండోది జారి కిందకి దిగుతుంది. ఒక్క నిమిషం సంతోషం వేసింది. తర్వాత వింటూ వింటూ ఉంటే ఏదో తేడాగా అనిపించింది. ఒకే గొంతు, ఒకే గ్యాపు, మధ్యలో ఎక్కడో ఒక కాకి అరుపు, మళ్లీ నాలుగు ఈలల తర్వాత అదే కాకి, మళ్లీ నాలుగు ఈలలు, మళ్లీ అదే కాకి. ఆ కాకి కూడా లూపులో ఉంది.

దగ్గరికి వెళ్తే పదకొండు మంది, ట్రైపాడ్లు అర్ధచంద్రాకారంలో, మధ్యలో పొదలో ఒక బ్లూటూత్ స్పీకర్, కనబడకుండా పైన నాలుగు టేకాకులు కప్పారు. ఎదురుగా తునికి కొమ్మ మీద మన పిట్ట. చాతీ ముందుకు పెట్టి, మెడ వెనక్కి విరిచి, ముక్కు ఆకాశం వైపు ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి కూస్తోంది. కూసి ఆగి వింటుంది. స్పీకర్ జవాబు చెప్తుంది. మళ్లీ కూస్తుంది. కాసేపటికి కొమ్మ దిగి స్పీకర్ దగ్గరికి వచ్చింది, దాని చుట్టూ గెంతింది, ఆ టేకాకు ఒకటి ముక్కుతో తిరగేసి చూసింది, పురుగు కోసం కాదు, ఆ అరిచేవాడు కింద దాక్కున్నాడేమో అని. ఎవరో మెల్లగా సూపర్ సూపర్ అంటున్నారు. షట్టర్ల చప్పుడు పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు. నేను వాచీ చూశా, నేను వచ్చాక 22 నిమిషాలు నడిచింది ఇది, అంతకు ముందు ఎంతసేపు అయిందో నాకు తెలీదు.

ఇంకొకటి ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఎవరూ వెనక్కి తిరగలేదు. మీ అర్ధచంద్రానికి ఇవతల, నేను నిలబడ్డ వైపు, ఇంకో పొన్నంకి వచ్చింది. నోట్లో తడిసిన ఎండుటాకు, దాని తలకన్నా పొడుగ్గా ఉంది. రెండు గెంతులు వేసింది, మనుషుల్ని చూసింది, వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు నోట్లో ఆకు లేదు.

నేనేం మాట్లాడలేదు. ఆ పదకొండు మందిలో ఇద్దరు నాకు బాగా తెలుసు, ఒకాయన నాకు షట్టర్ స్పీడంటే ఏంటో నేర్పిన మనిషి, సార్ అని పిలుస్తాను ఇప్పటికీ. గొంతు దాకా వచ్చింది, బయటికి రాలేదు, కార్లో కూర్చుని వచ్చేశా. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నా, అది కూడా నా తప్పే అనుకోండి.

అసలు అంతకన్నా పెద్ద తప్పు ఒకటి ఉంది, అది కూడా చెప్పేస్తే తర్వాత నా మాటలకి కొంచెం విలువ ఉంటుందేమో. మూడేళ్ల కిందట జులైలో నేను తీసిన ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు, పొన్నంకి పడిపోయిన చెట్టు మొద్దు మీద నిలబడి ఉంటుంది, నోటి నిండా వానపాములు, ఒకటి కిందకి వేలాడుతూ, వెనకంతా పచ్చగా వెన్న లాగా బ్లర్. కింద ఫీడింగ్ టైమ్ అని రాశా. నా జన్మలో ఏ ఫొటోకీ అన్ని లైకులు రాలేదు, దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో పెట్టా. ఆ పిట్ట ఆ మొద్దు మీద పావుగంట పైన నిలబడింది. ఎంత ఓపికో, మోడల్ లాగా పోజులిచ్చింది అని అందరికీ చెప్పుకున్నా. రెండేళ్ల తర్వాత ఒక పెద్దాయన ఇంటికి వచ్చి ఆ ఫ్రేము చూసి అడిగింది ఒకటే మాట, నోట్లో తిండి పెట్టుకుని పావుగంట ఎందుకు నిలబడుతుందయ్యా, నువ్వెక్కడ కూర్చున్నావు అని. అప్పుడు వెలిగింది. గూడు నా వెనక ఎక్కడో ఉంది. నేను దారికి అడ్డం కూర్చున్నా. అది నేను లేస్తానేమో అని చూస్తూ ఉంది. ఆ రోజు కాల్ కూడా వేశా, అంటే రికార్డు చేసిన దాని కూత, మొదట దాన్ని బయటికి రప్పించడానికి.

ఫ్రేము ఇంకా హాల్లోనే ఉంది, మా ఆవిడ తియ్యనివ్వదు, గోడకి మేకు గుర్తు పడుతుందంట.

ఇప్పుడు కాల్ వేస్తే ఏమవుతుంది అని చాలామంది నిజంగానే అడుగుతారు, వెటకారంగా కాదు, తెలీకే. కాబట్టి నాకు అర్థమైనంతలో చెప్తా. ఈ పిట్ట జానెడు పొడుగు, 50, 60 గ్రాముల బరువు, అంటే చేతిలో ఒక కోడిగుడ్డు పట్టుకున్నట్టు. చలికాలమంతా దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి ఎండాకాలంలో బయల్దేరి, రాత్రుళ్లు ఎగురుతూ ఉత్తరానికి వస్తుంది, కొన్ని మన అడవుల దగ్గరే ఆగుతాయి, కొన్ని మధ్య భారతం దాకా, కొన్ని హిమాలయాల పాదాల దాకా పోతాయి. వచ్చి వానల కోసం చూస్తుంది, ఎందుకంటే వాన పడితేనే ఆకుల కింద నేల మెత్తబడి పురుగూ పుట్రా వానపామూ పైకొస్తాయి, పిల్లలకి తిండి దొరుకుతుంది. దీని మొత్తం సంసారానికి దొరికేది ఆ వానాకాలం రెండు మూడు నెలలే. ఆ రెండు మూడు నెలల్లోనే జత కట్టాలి, గూడు కట్టాలి, నాలుగైదు గుడ్లు పెట్టి పొదగాలి, పిల్లల్ని ఎగిరేదాకా పెంచాలి. సరిగ్గా ఆ రెండు మూడు నెలల్లోనే మనం స్పీకర్లు పట్టుకుని దిగుతున్నాం, ఎందుకంటే అది కూసేది అప్పుడే, కూస్తేనే మనకి దొరికేది.

మగపిట్ట కూత అంటే పాట కాదు, సరిహద్దు రాయి. ఇది నా జాగా, ఇంకెవడూ రావద్దు అని చెప్పడం. మనం స్పీకర్లో అదే కూత వేస్తే దాని చెవికి వినపడేది వేరేవాడు ఇంట్లో దూరాడు అని. పని మానేసి పోట్లాటకి వస్తుంది. వస్తే అక్కడ ఎవరూ ఉండరు. ఎవరూ లేకపోయినా అరుపు ఆగదు. మీ ఇంటి గేటు దగ్గర ఎవడో గంట సేపు ఈ ఇల్లు నాది ఈ ఇల్లు నాది అని మైకులో అరుస్తూ, మీరు బయటికొచ్చి చూస్తే మనిషి కనబడకపోతే మీరు లోపలికెళ్లి అన్నం తింటారా? మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి గూడు కట్టి ఇద్దరూ కలిసి పిల్లల్ని సాకే జాతి ఇది, ఒకరు పోట్లాటలో ఉంటే రెండోవాళ్ల మీద పడుతుంది పనంతా. పైగా అది అరుస్తున్నంతసేపూ ఎక్కడుందో అడవికంతా తెలిసిపోతుంది, డేగలకి ముంగిసలకి కూడా.

మామూలుగా ఇంత రంగుల పిట్ట అడవిలో ఎంత దాక్కుని బతుకుతుందో చూసినవాళ్లకి తెలుసు. వీపు ఆకుపచ్చ, పొట్ట గోధుమరంగు, తోక కింద ఎవరో కుంకుమ అద్దినట్టు ఎర్రటి ఎరుపు, రెక్క మీద మెరిసే నీలం, కళ్ల చుట్టూ కాటుక లాంటి నల్ల పట్టీ, గొంతు తెలుపు, హిందీలో నవరంగ్ అన్నారంటే ఊరికే కాదు. సింహళ పల్లెల్లో నెమలి దీని బట్టలు కాజేసిందని, అప్పట్నుంచీ ఇది ఫిర్యాదు చేస్తూ అరుస్తోందని కథ చెప్తారంట, ఇన్ని రంగులున్నదానికి బట్టలు పోయిన కథ ఏంటో మరి, ముందు ఇంకెన్ని ఉండేవో. కానీ ఇన్ని రంగులు పెట్టుకుని కూడా నీడలో ఎండుటాకుల మధ్య గెంతుతూ ఉంటే మూడు గజాల్లో ఉన్నా కనబడదు. తోక ఉందా లేదా అన్నంత పొట్టి, కాళ్లు పొడుగు, నాలుగు గెంతులు, ఆగడం, తల వాల్చి చూడడం, ఆకు తిరగేయడం, ముక్కుతో ఒక్క లాగుడు. చెదలు, నల్ల పురుగులు, నత్తపిల్లలు, వానపాములు. ఆ ఆకుల దుప్పటే దాని వంటిల్లు. మొన్న ఆ స్పీకర్ ఎదురుగా ఒక గజం మేర ఆకులన్నీ ఊడ్చేసి నేల శుభ్రం చేశారు, బ్యాక్‌గ్రౌండ్ క్లీన్‌గా రావాలని. రెండు కొమ్మలు కూడా విరిచారు, విరిచిన చోట ఇంకా పాలు కారుతున్నాయి. మొద్దు మీద మీల్‌వార్మ్స్ అనే మేత పురుగుల డబ్బా. వంటిల్లు కూల్చేసి హోటల్ నుంచి పార్సెల్ తెచ్చి పెట్టినట్టుంది.

పేరు సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఇది నా పిచ్చి, కావాలంటే ఈ ముక్క వదిలేసి కిందకి వెళ్లండి. గ్రూపులో అందరూ ఇండియన్ పిట్టా పిట్టా అని దీర్ఘం తీసి రాస్తారు, ఏదో లాటిన్ మాట అనుకుని. అది మన పిట్టే. పిచ్చుక పిట్ట, పాలపిట్ట అంటామే ఆ పిట్ట. 1700ల మొదట్లో మద్రాసు కోటలో ఎడ్వర్డ్ బక్లీ అనే ఇంగ్లీషు డాక్టరు ఇక్కడి పక్షుల బొమ్మలు, పేర్లు లండన్‌కి పంపించాడు, అక్కడ జేమ్స్ పెటివర్ అనే మందుల షాపాయన వాటిని 1713లో అచ్చేయించాడు, అందులో మన పొన్నంకి పిట్ట అదే పేరుతో ఉంది, స్పెల్లింగు ఎట్లా ఉన్నా చదివితే పొన్నంకి పిట్టే. బక్లీకి ఆ పేరు మద్రాసులో ఏ తెలుగాయనో చెప్పి ఉంటాడు, పిట్టలు పట్టేవాడో, కోటలో పనివాడో, ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు. తర్వాత లిన్నేయస్ దీన్ని 1766లో కాకుల్లో పడేశాడు, పొట్టితోక కాకి అని, అదేం చూపో. చివరికి 1816లో వియెయో అనే ఫ్రెంచాయన ఈ జాతికంతటికీ పిట్ట అనే పేరే ఖాయం చేశాడు. ఈ రోజు ఆఫ్రికాలో పిట్టలున్నాయి, బోర్నియోలో పిట్టలున్నాయి, ఆస్ట్రేలియాలో పిట్టలున్నాయి, మొత్తం 40కి పైగా రకాలు, అన్నిటికీ ఇంటిపేరు తెలుగుదే. మన పిట్ట లండన్ పోయి దీర్ఘం తగిలించుకుని తిరిగొస్తే మనమే గుర్తుపట్టలేదు.

మాది నెల్లూరు వైపు. మా అవ్వ చదువుకోలేదు, పక్షుల పుస్తకం ఎట్లా ఉంటుందో ఆమెకి తెలీదు, కానీ ఎండాకాలం మొదట్లో పడమటి గాలి గట్టిగా కొట్టిన రాత్రి మర్నాడు పశువుల కొట్టంలో రంగుల పిట్ట ఒకటి పడి ఉండడం ఆమె రెండు మూడు సార్లు చూసింది, గాలికి పడ్డ పిట్ట అనేది. నా చిన్నప్పుడు ఒకటి అట్లాగే దొరికింది. గడ్డివాము పక్కన, కళ్లు సగం మూసుకుని, పట్టుకుంటే ఎదురు కూడా తిరగలేదు, అరచేతిలో గుండె కొట్టుకోవడం మాత్రం తెలిసింది, అంత వేగంగా కొట్టుకునే గుండె నేనప్పటిదాకా ముట్టుకోలేదు. నేను దాన్ని పెంచుకుందామని గోల. అవ్వ తీసుకుని కోళ్ల గంప కింద పెట్టి, చిప్పలో నీళ్లు పెట్టి, మీద గోనెపట్టా కప్పి, ఒరే అబ్బయా అది ఊరెళ్తా వెళ్తా అలిసిపోయి దిగింది, చుట్టపుచూపుకి వచ్చినోళ్లని కట్టేసుకుంటారా ఎవరన్నా అంది. నేను రాత్రి మూడుసార్లు లేచి గోనెపట్టా ఎత్తబోయి మూడుసార్లూ తిట్లు తిన్నా. అవ్వ దాన్ని ఇంకోరోజు ఉంచి సాయంత్రం చీకటి పడే వేళకి వదిలేసింది, పోయేటప్పుడు రెక్కల్లో తెల్ల మచ్చ ఒక్కసారి మెరిసింది, అంతే.

చాలా ఏళ్ల తర్వాత జెర్డన్ రాసింది చదివి నిజంగా ఒళ్లు జలదరించింది. థామస్ జెర్డన్ అని 1800ల్లో మన వైపు పనిచేసిన డాక్టరు, పక్షుల మీద పెద్ద పుస్తకం రాశాడు, జెర్డన్ కోర్సర్, అదే మన కడప కలివికోడి, దాని ఇంగ్లీషు పేరులో ఉన్న జెర్డన్ ఈయనే. ఎండాకాలం మొదట్లో గాలులు బలంగా వీచినప్పుడు ఈ పిట్టలు కొట్టుకొచ్చి ఇళ్లల్లో పాకల్లో తలదాచుకుంటాయని, తను మొదట చూసిన పిట్ట మద్రాసు జనరల్ ఆస్పత్రిలో దూరిందని, తర్వాత నెల్లూరులో ఇలాగే చాలా ప్రాణాలతో దొరికాయని రాశాడు. మా అవ్వ కొట్టం కూడా ఆ లెక్కలోదే. నూటయాభై ఏళ్లకి పైగా అదే గాలి, అదే దారి, అదే అలసట. ఇప్పుడు ఇళ్లకి బదులు అద్దాల గోడలు కూడా వచ్చాయి దారిలో, రాత్రి లైట్లకి తికమకపడి అద్దాలకి గుద్దుకుని పడ్డ పొన్నంకిల ఫొటోలు ఏటా మన గ్రూపుల్లోనే చూస్తుంటాం, అయ్యో పాపం అని ఏడుపు బొమ్మలు పెడతాం. అద్దానికి గుద్దుకుంటే పాపం, మన స్పీకర్‌కి గుద్దుకుంటే సూపర్.

గైడు పిల్లల సంగతి. మొన్న అక్కడ స్పీకర్ ఎవరిది అంటే ఆ ఊరి కుర్రాడిది, ఇరవై రెండేళ్లుంటాయేమో. ఇప్పుడు ఈ లేఖ చూసి అందరూ వాడి మీద పడతారని నాకు భయం, దయచేసి ఆ పని చెయ్యకండి. తిరిగొచ్చేటప్పుడు వాడితో మాట్లాడా. వాడన్న మాట ఇది, సార్ కాల్ ఎయ్యకపోతే పిట్ట రాదు, పిట్ట రాకపోతే మీవోళ్లు పైసలియ్యరు, ఇచ్చినా సగం ఇస్తరు, ఇంకోసారి వేరేటోన్ని పిలుస్తరు. ఏం చెప్పమంటారు దీనికి? వాడికి ఆ అడవిలో ప్రతి పుట్టా తెలుసు, ఏ వాగు మలుపులో ఈ ఏడాది ఎన్ని జతలున్నాయో వేళ్ల మీద చెప్పాడు, గూడు ఎట్లా ఉంటుందో చేతులతో చూపించాడు, బంతి లాగా గుండ్రంగా, పుల్లలూ ఎండుటాకులూ వేర్లూ, పక్క నుంచి గుండ్రటి ద్వారం, దూరం నుంచి చూస్తే వరదకి కొట్టుకొచ్చిన చెత్త అనుకుంటారు సార్ అన్నాడు. ఇంత తెలిసిన మనిషి చేత మనం చేయిస్తున్న పని ఏంటంటే ఫోన్లో బటన్ నొక్కించడం. గ్యారంటీ సైటింగ్ అనే మాట ఎవరు తెచ్చారు? వాడు తేలేదు, మనం తెచ్చాం. రానూపోనూ పెట్రోలు రెండు వేలు పోశాం, లెన్సుకి లక్ష పైన పెట్టాం, పిట్ట కనబడకపోతే వాడి ఎనిమిది వందల్లో కోత. కనబడినా కనబడకపోయినా పూర్తి డబ్బులిస్తాం, కాల్ వేస్తే మాత్రం ఇవ్వం అని మనం పదిమంది చెప్తే ఒక్క సీజన్లో మారిపోతుంది ఇది, నేను రాసిస్తా.

మీరేం అంటారో నాకు తెలుసు, ఎందుకంటే అవన్నీ నేనూ అన్నవే.

ఒక్క నిమిషమే కదా వేసేది అంటారు. మీది ఒక్క నిమిషం, మీ వెనక వచ్చిన బ్యాచ్‌ది ఒక్క నిమిషం, శనివారం ఆదివారం కలిపి పది బ్యాచ్‌లు, అన్నిటికీ అదే పిట్ట, ఎందుకంటే రోడ్డుకి దగ్గరున్నది అదొక్కటే, లోపలికి నడిచే ఓపిక మనకి లేదు. సైంటిస్టులు కూడా వాడతారు కదా అంటారు. వాడతారు, లెక్కపెట్టడానికి, ఒకసారి వేసి రాసుకుని పోతారు, కంటికి లైటు సరిగ్గా పడేదాకా ఇంకోసారి ఇంకోసారి అని వెయ్యరు. ఇదేం అంతరించిపోయే పిట్ట కాదు కదా అంటారు. కాదు, నిజమే, ప్రపంచ లిస్టుల్లో దీన్ని ప్రమాదం లేని వాటిలోనే పెట్టారు, లేనిపోని భయం నేను పెట్టను. కానీ దేశంలో పిట్టలు బోలెడున్నాయి కాబట్టి ఈ వాగు దగ్గరున్న జతని ఏమైనా చెయ్యొచ్చు అనేది లెక్క కాదు కదా. అడవి తగలబెట్టేవాళ్లని, కట్టెలు కొట్టేవాళ్లని అడగరేం అంటారు. అడగాలి, ఎండాకాలం పెట్టే నిప్పుకి ఆకుల దుప్పటంతా బూడిదవడం మన స్పీకర్ కన్నా పెద్ద నష్టమే. కాకపోతే వాళ్లు పిట్టంటే ప్రాణం అని బయోలో రాసుకోలేదు. మనం రాసుకున్నాం.

మేం ఫొటోలు తియ్యకపోతే జనానికి ఈ పిట్ట ఉందని ఎట్లా తెలుస్తుంది అనేది ఒకటి ఉంది, దానికి మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు. నాకు కెమెరా పట్టుకున్నాకే కదా ఇవన్నీ తెలిసింది. తీయండి. స్పీకర్లో కూత వేసి మాత్రం కాదు.

చట్టం సంగతి కూడా చెప్పనా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకి అర్థం రాసిన చోట చంపడం ఒక్కటే లేదు, పట్టుకోవడం, వల పన్నడం, తరమడం, ఎర వెయ్యడం, అన్నీ ఉన్నాయి, పక్షుల విషయంలో గుడ్లని గానీ గూటిని గానీ కదపడం కూడా అందులోనే ఉంది. మీల్‌వార్మ్ డబ్బా ఏ లెక్కలోకి వస్తుందో లాయర్లు చెప్పాలి. నేను కేసు పెట్టడానికి రాయడం లేదు, కానీ గూటి మీదికి వంగి ఫోన్‌తో వీడియో తీసి మన గ్రూపులో పెట్టినవాళ్లు ఉన్నారు పోయిన జులైలో, దాని కింద గుండె బొమ్మలు పెట్టిన డెబ్భై మందిలో ఫారెస్టు డిపార్ట్‌మెంటు వాళ్లు కూడా ఎవరైనా ఉండి ఉంటే మాత్రం నవ్వాలో ఏడవాలో తెలీదు.

అడ్మిన్లూ, మీకు విడిగా. మీరు రూల్స్ పెట్టగలరు, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు ఆపించగలిగారు కదా, దీన్ని ఆపలేరా? గూటి ఫొటో, గుడ్ల ఫొటో, నోట్లో తిండితో ఉన్న ఫొటో వస్తే తీసేయండి, నాది కూడా పాత పోస్టుల్లో ఉంది, ముందు అది తీసేయండి, నేనేం అనుకోను. వానాకాలం ఫొటోలు అక్టోబరు దాకా ఆపి పెట్టమనండి, అప్పటికి పిట్టలు దక్షిణానికి బయల్దేరతాయి, అప్పుడు లొకేషన్ చెప్పినా ఎవడూ వెళ్లి చేసేదేం ఉండదు. నెల నెలా పెట్టే పోటీలో ఫొటోతో పాటు ఎట్లా తీశారో ఒక ముక్క రాయమనండి, అబద్ధం రాసేవాళ్లు రాస్తారు, అయినా రాయాల్సి వచ్చినప్పుడు కొంతమందికైనా చెయ్యి ఆగుతుంది. నాకైతే ఆగేది.

కాల్ వెయ్యకుండా దొరుకుతుందా అంటే, మొదట దొరుకుతుందా అనే మాట మానేద్దాం, చేపల మార్కెట్టులో అడిగినట్టుంటుంది. కనబడుతుంది. తమిళంలో దీన్ని ఆరుమణి కురువి అంటారు, ఆరు గంటల పిట్ట, పొద్దున ఆరుకీ సాయంత్రం ఆరుకీ కూస్తుందని. అంటే ఐదున్నరకల్లా మీరు అక్కడ కూర్చుని ఉండాలి, ఆరుకి కారు దిగడం కాదు. వాగు పక్కన ఆకులు మందంగా ఉన్న చోటు చూసుకుని, ఏదైనా చెట్టు మొదలుకి వీపు ఆనించి, లేవకుండా కూర్చోవాలి. దోమలు కుడతాయి. కాలు తిమ్మిరెక్కుతుంది. మొదటి అరగంట ఏమీ జరగదు, ఫోన్ చూడాలనిపిస్తుంది. తర్వాత ఎక్కడో ఒక ఆకు గాలి లేకుండా కదులుతుంది. అక్కడే చూస్తూ ఉండండి. అది మిమ్మల్ని చూసి కూడా పారిపోకుండా తన పని తను చేసుకుంటూ గెంతుకుంటూ మీ బూట్ల దాకా వచ్చిన రోజు ఒకటి వస్తుంది, నాకు పోయినేడాది వచ్చింది, ఎంత దగ్గరంటే నా లెన్సు ఫోకస్ అవ్వనంత దగ్గర, ఒక్క ఫొటో లేదు ఆ రోజు. ముక్కుతో ఆకు పట్టుకుని పక్కకి విసిరిన చప్పుడు వినబడింది, తడాకు తడాకు మీద పడితే ఎంత చప్పుడవుతుందో అంత.

వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నా. ఆ కుర్రాడితో మాట్లాడుకున్నా, కాల్ లేదు, స్పీకర్ లేదు, పిట్ట కనబడినా కనబడకపోయినా వాడికి పూర్తి డబ్బులు, అవి నేనిస్తా. ఆ వాగు మలుపు వదిలేసి రెండు కిలోమీటర్లు లోపలికి నడుస్తాం, మోకాళ్లు బాగున్నవాళ్లే రండి, నలుగురికి మించి వద్దు. మూడున్నరకి బయల్దేరడం, టీ నాది, ఉప్మా పెసరట్టు ఎవరైనా తెస్తే సంతోషం. నాకు షట్టర్ స్పీడు నేర్పిన సార్ గారూ, ఇది మీరు చదువుతారని తెలుసు, మొన్న మిమ్మల్ని చూసి కూడా పలకరించకుండా వచ్చేశాను, ముందు సీటు మీకే ఉంచుతున్నా, రండి.